బరువెక్కిన తాడు

చివరి కాగితం లేదు.

డ్రైవరు పుస్తకాన్ని వెనక్కి తిప్పి చూశాడు. అట్ట విప్పి చూశాడు. వెన్ను పట్టుకుని గట్టిగా దులిపాడు. ఏమీ రాలలేదు. కుట్టు దగ్గర, చింపినప్పుడు మిగిలిపోయిన సన్నటి అంచు మాత్రం కనిపించింది. దాని తర్వాత నేరుగా అట్టే.

"ఆగావేంరా? చదువు," అన్నాడు తాత, గోడకి ఆనుకుని కళ్ళు మూసుకునే.

డ్రైవరు ఇంకోసారి కుట్టు తడిమాడు. రేపు పొద్దున్నే పరీక్ష. ఏడాది పొడుగునా పదకొండు నెగ్గుకొచ్చాడు, ఇదే ఆఖరిది. ఇది పోతే అన్నీ పోయినట్టే. మళ్ళీ మొదటి పుస్తకం నుంచి మొదలుపెట్టి ఇంకో ఏడాది ఈ గోడల మధ్య కూర్చోవాలి. అతను కూర్చోగలడు. బయట అతని చెల్లెలు మాత్రం అన్నాళ్ళు ఉండదు.

ఆ జైల్లో చదువు పథకం అని ఒకటి ఉంది. దేశదేశాల సాహిత్య నవలలు, అనువాదాలు, నెలకొకటి ఇస్తారు. నెలాఖరున, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన ఒక మేడమ్ వచ్చి నోటి పరీక్ష పెడుతుంది. పన్నెండూ నెగ్గినవాడికి మిగిలిన శిక్ష మాఫీ. నియమాలు రెండే. పుస్తకం పూర్తిగా చదవనివాడు ఫెయిలు. చదవకుండా కల్పించి చెప్పినవాడు అంతకన్నా పెద్ద ఫెయిలు.

మొదట్లో సగం జైలు పేర్లిచ్చింది. నాలుగో నెలకి గుప్పెడుమంది మిగిలారు. వంటశాలలో పనిచేసేవాణ్ణి అందరూ గరిటె అంటారు; వాడు సన్యాసినుల మఠంలో జరిగే నవలకి పెళ్ళి భోజనాలతో ముగింపు చెప్పి పథకంలోంచి పోయాడు. "ఏ కథకైనా చివర పెళ్ళే కదరా, నాకేం తెలుసు ఆళ్ళు చేసుకోరని," అని వాడి గోడు. ఇప్పుడు చదివేవాడు డ్రైవరొక్కడే మిగిలాడు.

అతనికి చదవడం కొత్త కాదు. లారీ తోలే రోజుల్లో సరుకు ఎత్తేదాకా గంటలు గంటలు క్యాబిన్లో కూర్చుని డిటెక్టివ్ నవలలు నమిలేసేవాడు. అతని దృష్టిలో నవల అంటే మొదటి పేజీలో శవం, చివరి పేజీలో హంతకుడు. మధ్యలో ఎవరైనా వర్షం గురించి మాట్లాడితే ఆ పేజీ తిప్పేసేవాడు.

ఈ ఏడాది ఇచ్చిన పుస్తకాలు అతని ప్రాణం తీశాయి. మొదటి నెల మంచుదేశం నుంచి వచ్చిన నవలలో ఒక ముసలావిడ ఇల్లు సర్దుతూనే ఉంది. ఎవర్ని చంపి ఎక్కడ దాచిందో అని డ్రైవరు ఊపిరి బిగబట్టి చదివాడు. ఆవిడ ఎవర్నీ చంపలేదు. సర్దడం పూర్తిచేసి కిటికీ మూసింది. అయిపోయింది.

"ఇదేం కథ తాతా? బండి స్టార్టు చేసి, గేరు వెయ్యకుండా దిగిపోయినట్టుంది."

"ఆవిడ ఎక్కడికి పోతోందో నీకు అర్థం కాలేదా?" అన్నాడు తాత. ఆ మాటతో డ్రైవరు మళ్ళీ మొదటి పేజీ తెరిచాడు.

అలా మొదలైంది ఇద్దరి చదువు. తాత జీవితఖైదీ. అక్షరం ముక్క రాదు, కళ్ళకి పొర కూడా కమ్మింది. ఎన్నేళ్ళుగా లోపల ఉన్నాడో అడిగితే, "ఈ గోడకి సున్నం వెయ్యకముందు నుంచీ," అంటాడు. సాయంత్రం పూట డ్రైవరు పైకి చదివేవాడు, తాత వినేవాడు. ద్వీపం కథకి ఏడ్చాడు. గనుల కథకి అన్నం మానేశాడు. ఏ కథలో అయినా సముద్రం వస్తే, "మళ్ళీ చదువు, ఆ ముక్క," అనేవాడు. ఆయన సముద్రం చూడనేలేదు.

డ్రైవరుకి మాత్రం ఇది సరదా కాదు. చెల్లెలికి రెండు కిడ్నీలూ చెడిపోయాయి. సంచులు కుట్టే కార్ఖానాలో పనిచేసేది. ఒకరోజు మిషను మీదే పడిపోయింది. పరీక్షలు చేసి, ఆమెకి సరిపోయేది అన్నయ్య కిడ్నీ ఒక్కటే అన్నారు. అప్పటికే అన్న లోపల ఉన్నాడు. పొగమంచులో అతని లారీ కింద ఒక మనిషి ప్రాణం పోయింది. నా కిడ్నీ తీసుకోండి అని అర్జీ పెడితే పైనుంచి జవాబు వచ్చింది. లోపలున్న మనిషి చేసే సంతకం ఇష్టపూర్వకంగా చేసినట్టు కాదట. బయటికి వచ్చాకే ఇవ్వాలట. అంటే ఆమె బతుకు అతని విడుదల మీద, అతని విడుదల ఆ పన్నెండు పుస్తకాల మీద ఆధారపడ్డాయి.

ములాఖత్తుకి వచ్చినప్పుడల్లా జల్లెడ కిటికీకి అవతల కూర్చుని, "ఊఁ, ఏ ఊరు పోయొచ్చావ్ ఈ నెల?" అని అడిగేది. అతను కథ చెప్పేవాడు. ఆమె "తర్వాత?" అనేది. అలా ఇద్దరూ మంచులోకీ, సముద్రంలోకీ, ఎడారిలోకీ వెళ్ళొచ్చేవారు.

పోయినసారి వచ్చినప్పుడు ముఖం బాగా ఉబ్బి ఉంది.

"ఏంటే, బన్నులా అయ్యావ్?"

"తినకుండా లావెక్కే విద్య నాకొక్కదానికే వచ్చులే అన్నయ్యా. నువ్వు కుళ్ళుకోకు." నవ్వింది. ఆ తర్వాత నవ్వలేదు. "చేతుల్లో నరాలన్నీ మూసుకుపోయాయి. మెడ దగ్గరొక్కటే మిగిలింది. రక్తం శుభ్రం చెయ్యాలంటే అందులోంచే. అది కూడా పోతే గుచ్చడానికి చోటే లేదన్నాడు డాక్టరు. వచ్చే నెల దాకా లాగితే గొప్పట."

జల్లెడ మీద అతని వేళ్ళు బిగుసుకున్నాయి.

"అలా చూడకు. ఆ బావిలో కుర్రాడి సంగతేంటో చెప్పు. పైకొస్తాడా, రాడా?"

"ఇంకా చదవలేదే. చివర్లో ఉంటుంది."

"పైకొస్తేనే నాకు చెప్పు. చెప్పకుండా ఎగ్గొట్టావంటే మాత్రం నీ కిడ్నీ నాకొద్దు."

డాక్టరు అన్న మాట అతను సెల్లో ఎవరితోనూ అనలేదు. తాతతో కూడా. నోటితో అంటే నిజమైపోతుందేమోనని భయం.

పన్నెండో పుస్తకం ఎడారి దేశానిది. ముగ్గురు అన్నదమ్ములు బావి తవ్వుతుంటారు. మన్ను విరిగిపడి చిన్నవాడు అడుగున ఇరుక్కుంటాడు. పైన ఇద్దరన్నలు, పెద్దవాడూ నడిపివాడూ, తాడు పట్టడానికి వచ్చిన ఒక ముసలాయనా. పుస్తకమంతా వాళ్ళు కిందకి కేకేస్తూ మాట్లాడటమే. వాడికి నిద్ర పట్టకూడదని చిన్ననాటి దొంగతనాలు గుర్తుచేస్తారు, తిడతారు, పాటలు పాడతారు. కింద నుంచి వాడి గొంతు సన్నబడుతూ వస్తుంది. ఒక దగ్గర ఆగిపోతుంది. డ్రైవరుకి ఏడాదిలో మొదటిసారి ఒక పుస్తకం మెడ పట్టుకుంది. ఇది కిటికీ మూసేసి వెళ్ళిపోయే కథ కాదు. ఇందులో ప్రాణం మీదకి వచ్చింది. దీనికి ముగింపు ఉండి తీరాలి.

ప్రతి పుస్తకానికీ చివరి భాగం పరీక్ష ముందురోజు మధ్యాహ్నమే చదవడం అతని అలవాటు. వేడి వేడిగా ఉన్నప్పుడే అప్పజెప్పాలని. ఆ అలవాటే ఇప్పుడు కొంప ముంచింది. ముందే చూసుకుని ఉంటే ఏదో ఒకటి చేసేవాడు.

"తాతా, చివరి కాగితం ఎవడో చింపేశాడు."

తాత కళ్ళు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. "అయ్యో," అన్నాడు.

ఆ జైల్లో పుస్తకాలు వెనకనుంచి అరుగుతాయి. లైబ్రరీ చూసుకునే గుమాస్తా మొదటి పేజీ మీద ముద్ర ఉందో లేదో చూస్తాడు, అంతే. అందుకని పొగాకు చుట్టుకునేవాళ్ళు వెనక కాగితాల మీద చెయ్యి వేస్తారు. అది తెలిసే డ్రైవరు ఈ పుస్తకాన్ని నెలంతా దిండు కింద పెట్టుకున్నాడు. అంటే బయటివాడి పని కాదు. సెల్లో ఉండేది నలుగురు. తను, తాత, గరిటె, గడ్డాలు గీసే కత్తి.

వంటశాల వెనక గిన్నెలు తోముతున్న గరిటెని పట్టుకున్నాడు.

"ఒరేయ్, నా పుస్తకంలో కాగితం నువ్వేనా చింపింది?"

"నేనా? నాకు పొగాకు దొరికి ఎన్నాళ్ళైందో తెలుసా? ఉత్త కాగితం కాల్చుకోవాలా నేను?"

"నిజం చెప్పు. వీపు పగిలిపోద్ది."

"పగలగొట్టుకో. లోపల కాగితం దొరికితే నీదే." గరిటె గిన్నె పక్కన పెట్టి అతని ముఖంలోకి చూశాడు. గొంతు తగ్గించాడు. "ఏంది డ్రైవరూ, ఏడుస్తున్నావా? కత్తిగాణ్ణి అడుగు. వాడికి కత్తి తుడుచుకోడానికి కాగితాలు కావాలి కదా."

డ్రైవరు పరుగెత్తాడు. లెక్కకి నిలబెట్టే గంట కొడితే ఎక్కడివాళ్ళక్కడ సెల్లోకి పోవాలి. ఆ తర్వాత పొద్దున తలుపు తీసేది పరీక్షకే.

కొళాయి పక్కన రేకుల పందిరి కింద కత్తి ఒక లావుపాటి వార్డరుకి గడ్డం గీస్తున్నాడు. మోకాలి దగ్గర ఒక డబ్బా ఉంది. నురగ తుడిచిన కాగితాలు అందులో పడేస్తాడు. డ్రైవరు అడగలేదు, ఆగలేదు. మోకాళ్ళ మీద కూలబడి డబ్బాలో చేతులు పెట్టాడు.

"వీడికేమైందిరా?" అన్నాడు వార్డరు, సగం నురగ ముఖంతో.

"కదలకండి సార్, తెగుద్ది," అన్నాడు కత్తి. "డ్రైవరూ, ఏం వెతుకుతున్నావ్? బంగారమా?"

తడి కాగితాలు, నల్లవీ తెల్లవీ వెంట్రుకలు, సబ్బు. పాత పత్రికల ముక్కలు. లెక్కల పుస్తకంలో కాగితం. మందుల పొట్లాం. అడుగున, నాలుగు మడతలుగా, సన్నటి కాగితం. ఆ అక్షరాల సైజు అతనికి తెలుసు. నెలంతా చూసినవే. మడతలు విప్పాడు. పేజీ అంకె ఉండాల్సిన మూల చిరిగిపోయింది. నురగని చొక్కాతో అద్దాడు. అక్కడే, ఆ తడి నేల మీద కూర్చుని చదివాడు.

రెండు వైపులా చదివాడు. చివరి వాక్యాలు ఇవి: 'తాడు కదిలింది. పెద్దవాడు లాగాడు. తాడు బరువెక్కింది. వాడే, అన్నాడు నడిపివాడు. ఇసుకేమో, అన్నాడు ముసలాయన. పెద్దవాడు ఏమీ అనలేదు. లాగుతూనే ఉన్నాడు.'

అక్షరాలు పేజీ అడుగుదాకా నిండి ఉన్నాయి. సమాప్తం అన్న మాట లేదు.

అంటే ఇంకో కాగితం ఉంది. కనీసం ఒకటి.

మళ్ళీ డబ్బా మొత్తం నేల మీద బోర్లించాడు. ఒక్కో ముక్కా విప్పి చూశాడు. లేదు.

"దీంతోపాటు ఇంకో కాగితం ఎక్కడ?"

"నాకేం తెలుసు? పొద్దున్నుంచి ఎన్ని గడ్డాలు గీశానో, ఎన్ని కాగితాలు పారేశానో చూసుకుంటానా? సగం కాలవలో పోయాయి."

"నీకిది ఎవరిచ్చారు?"

కత్తి వార్డరు గడ్డం కింద కత్తి ఆపాడు. "చెప్పొద్దన్నాడు."

"ఎవరు?"

"తాత."

గంట కొట్టింది.

సెల్లో తాత అదే చోట, గోడకి ఆనుకుని ఉన్నాడు. అడుగుల చప్పుడుకే అర్థమైనట్టుంది, మోకాళ్ళు దగ్గరికి తీసుకున్నాడు. డ్రైవరు ఆయన చొక్కా పట్టుకుని పైకి లేపాడు. ముసలి ఒళ్ళు, బరువే లేదు.

"రెండో కాగితం ఎక్కడ?"

"ఒక్కటే చింపాన్రా."

"అబద్ధం!"

"ఒట్టురా. వెనక అట్ట తడుముకున్నాను. దాన్నానుకుని ఉన్నదొక్కటే చింపాను. అది వాడికిచ్చాను."

"ఎందుకు? నీకేం అన్యాయం చేశాను నేను?"

"గోదాములో నీళ్ళొచ్చి ఆరో పుస్తకం తడిసిపోయినప్పుడు పరీక్ష ఒక నెల ఆపారు కదా. కాగితం లేకపోతే ఇప్పుడూ ఆపుతారనుకున్నా. ఒక్క నెలేరా. ఒక్క నెల ఇంకో పుస్తకం చదివి వినిపిస్తావని. నువ్వు పోయాక నాకెవడు చదువుతాడు? గరిటెగాడా? మళ్ళీ ఈ గోడ వంకే చూస్తూ..."

"నా చెల్లెలికి ఆ నెలే లేదు!"

సెల్లో గరిటె, కత్తి ఇద్దరూ బిగుసుకుపోయారు.

"ఏమన్నావ్?" అన్నాడు తాత.

"మెడలో ఆఖరి నరం మిగిలింది. అది మూసుకుపోతే చచ్చిపోతుంది. వచ్చే నెలకి అది ఉండదు తాతా!"

"నాకు చెప్పలేదు కదరా," అన్నాడు తాత, చిన్నపిల్లాడిలా. "నాకు చెప్పనే లేదు నువ్వు."

డ్రైవరు ఆయన్ని వదిలేశాడు. తాత గోడ వెంట జారి కూర్చున్నాడు.

"ఇక్కడే కుళ్ళిపో," అన్నాడు డ్రైవరు. "చచ్చేదాకా ఆ గోడే చూసుకో. నీకు ఇంక ఒక్క అక్షరం చదవను."

కాసేపయ్యాక తాత, ఎవరితోనో అన్నట్టు, "ఒక్కటే చింపాను," అన్నాడు. ఎవరూ నమ్మలేదు.

పొద్దున్నే గరిటె చెవి దగ్గరికి వచ్చాడు. "నేను చెప్పేది విను. ఏదో ఒకటి చెప్పెయ్. వచ్చాడను, లేదా పోయాడను. బొమ్మా బొరుసే కదా. సగం ఛాన్సుంది. కాగితం లేదన్నావనుకో, అసలు ఛాన్సే లేదు."

అది నిజమే. పూర్తిగా చదవనివాడు ఫెయిలు. చదవలేదని చెప్పుకుంటే పోయినట్టే. కల్పిస్తే దొరికిపోవచ్చు, దొరక్కపోనూ వచ్చు. గదిలోకి నడుస్తున్నంతసేపూ డ్రైవరు ఆ రెండు ముగింపులనీ నాలుక మీద పెట్టుకుని చూశాడు. చచ్చిపోయాడు. బతికాడు. ఇలాంటి పుస్తకాల్లో మామూలుగా చస్తారు. తెలివైనవాడైతే చచ్చిపోయాడనే చెప్పాలి.

పరీక్ష జరిగేది ఆఫీసు పక్క గదిలో. ఒక బల్ల, మూడు కుర్చీలు, తిరగని ఫ్యాను. మేడమ్ ముందు ఆమె సొంత పుస్తకం, దాని మీద కళ్ళజోడు. పక్కన డిప్యూటీ జైలరు, వచ్చిన దగ్గర్నుంచీ టీ గ్లాసు వైపే చూస్తున్నాడు.

"మొదలుపెట్టు," అంది మేడమ్.

డ్రైవరు చెప్పాడు. బాగా చెప్పాడు. మన్ను విరిగిపడిన చప్పుడు, చిన్నవాడి బూతులు, నడిపివాడి అపస్వరాల పాట, నీళ్ళ తిత్తిని తాడుకి కట్టి దించడం. డిప్యూటీ కూడా టీ మరిచిపోయి విన్నాడు. మేడమ్ రెండుసార్లు తలాడించింది.

"చివర?"

చచ్చిపోయాడు అని చెప్పాలి. నోరు తెరిచాడు. ఉబ్బిన ముఖంతో జల్లెడ వెనకనుంచి చెల్లెలు చూస్తోంది. పైకొస్తేనే నాకు చెప్పు.

"పైకొచ్చాడు మేడమ్," అన్నాడు. "తాడుతో పాటు పైకొచ్చాడు. ఒళ్ళంతా ఇసుక. నోట్లో ఇసుక. కళ్ళు తెరిచాడు. బతికే ఉన్నాడు."

మేడమ్ పెన్ను ఆగిపోయింది.

"పైకొచ్చాక పెద్దన్న ఏమన్నాడు?"

డ్రైవరు నోరు తెరిచాడు. ఏమంటాడు? వేలి నుంచి రక్తం కారేదాకా లాగిన మనిషి, తమ్ముడి ముఖం చూసి ఏమంటాడు? ఎంత వెతికినా అతని దగ్గర ఆ మాట లేదు. అలాంటి రోజు అతనికి ఇంకా రాలేదు.

"చెప్పు."

"అదీ... ఏమన్నాడంటే..."

డిప్యూటీ కుర్చీలో వెనక్కి వాలాడు. "కల్పించాడు మేడమ్. ఆ గరిటెగాడి కేసే. ఫెయిల్ రాసెయ్యండి, పనుంది."

"ఒక్క నిమిషం." మేడమ్ కళ్ళజోడు పెట్టుకుంది. గొంతులో కోపం స్పష్టంగా వినిపించింది. "పదకొండు పరీక్షల్లో నీ దగ్గర నేను ఒక్క అబద్ధం వినలేదు. ఇంకోసారి అడుగుతాను. ఈసారి కూడా అబద్ధం చెబితే లేచి వెళ్ళిపోతాను. చివర ఏముంది?"

డ్రైవరు బల్ల అంచు పట్టుకున్నాడు.

"నాకు తెలీదు మేడమ్. చివరి కాగితాలు చిరిగిపోయాయి. ఒకటి దొరికింది. రెండోది దొరకలేదు. నేను చూసింది తాడు బరువెక్కేదాకానే. వాడే అన్నాడు నడిపివాడు. ఇసుకేమో అన్నాడు ముసలాయన. పెద్దవాడు ఏమీ అనలేదు. లాగుతూనే ఉన్నాడు. ఆ తర్వాత ఏమైందో నాకు తెలీదు. దొరికితే చదివేవాణ్ణి. చెత్తడబ్బాలో కూడా వెతికాను. నేను వాణ్ణి చంపలేను మేడమ్. చచ్చాడని చెబుదామనే వచ్చాను, నోరు రాలేదు. నాకు బయట ఒక చెల్లెలుంది. అది కూడా అట్లాగే కింద ఉంది..."

డిప్యూటీ గోడ వైపు చూశాడు.

మేడమ్ తన పుస్తకం చివరి పేజీ తెరిచింది. బల్ల మీద అతని వైపు తిప్పి జరిపింది. అతను వంగి చూశాడు. పెద్దవాడు ఏమీ అనలేదు. లాగుతూనే ఉన్నాడు.

"తర్వాతి పేజీ?" అన్నాడు.

"తిప్పు."

తిప్పాడు. అట్ట. మళ్ళీ వెనక్కి తిప్పాడు, మళ్ళీ ముందుకి. వేలితో కుట్టు తడిమాడు. చింపిన అంచు లేదు. కాగితాలేవీ పోలేదు. కథ అక్కడే ఆగిపోయింది.

"ఇంతేనా?"

"ఇంతే. నువ్వు మొత్తం చదివావు."

ఒక్కటే చింపాన్రా. ఒట్టురా.

డిప్యూటీ ముందుకు వంగాడు. "మొదట కల్పించాడు కదండీ. రూలు రూలే."

"కల్పించింది అతనే ఒప్పుకున్నాడు. మీ రూలు చదవనివాళ్ళని పట్టుకోడానికి. ఇతను ఆఖరి వాక్యం అక్షరం పోకుండా అప్పజెప్పాడు. నేను నెగ్గాడని రాస్తున్నాను. మీకు అభ్యంతరమైతే పక్కన మీరు వేరే రాసుకోండి, పైవాళ్ళకి ఇద్దరం జవాబు చెబుదాం."

డిప్యూటీ చాలాసేపు మేడమ్ వంక, ఆ తర్వాత డ్రైవరు వంక చూశాడు. చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగేసి, సంతకం పెట్టి లేచిపోయాడు.

సెల్లో తాత గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. రాత్రి నుంచీ ఏమీ ముట్టలేదని గరిటె సైగ చేశాడు. డ్రైవరు పక్కన కూర్చుని జేబులోంచి ఆ కాగితం తీశాడు. ఆరి, అట్టలా గట్టిపడి, సబ్బు వాసన కొడుతోంది.

"తాతా. నువ్వు ఒక్కటే చింపావు."

"అదే కదరా మొత్తుకుంది."

"లే. చివరి ముక్క విందువు గాని."

చదివాడు. రెండు వైపులా, నెమ్మదిగా. తాత కళ్ళు మూసుకుని విన్నాడు. అయిపోయాక చాలాసేపు ఎదురుచూశాడు.

"అంతేనా?"

"అంతే."

"గేరు వెయ్యకుండా దిగిపోయాడేంట్రా వీడు కూడా?"

డ్రైవరుకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెండూ బయటికి రాలేదు. "దిగలేదు తాతా. ఇంకా లాగుతున్నాడు."

తాత అతని చెయ్యి తడుముకుని పట్టుకున్నాడు. "మీ చెల్లి సంగతి... నాకు తెలిసుంటే..."

"తెలుసు," అన్నాడు డ్రైవరు. క్షమించానని అనలేదు. ఆ కాగితం తాత చేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు. గరిటె వైపు తిరిగి, "నీకు చదవడం వచ్చు కదరా. పెళ్ళిళ్ళు చెయ్యకుండా చదివి పెట్టు," అన్నాడు.

కాగితాలు పైకీ కిందకీ తిరిగి, గేటు తెరుచుకునేసరికి వారం పట్టింది. ఆసుపత్రికి నేరుగా వెళ్ళాడు. డాక్టరు వరండాలోనే ఎదురయ్యాడు. మెడలో నరం మొన్ననే మూసుకుపోయిందనీ, తొడ దగ్గర ఎలాగో ఒకసారి చేశామనీ, రెండోసారి చెయ్యలేమనీ చెప్పాడు. ఒంట్లో నీరు చేరింది, గుండె అలిసిపోయింది. "ఆలస్యమైంది. అయినా ప్రయత్నిద్దాం. మాట మాత్రం ఇవ్వలేను," అన్నాడు. డ్రైవరు సంతకం పెట్టాడు. బయట ఉన్న మనిషి పెట్టిన సంతకం. దాన్ని ఎవరూ కాదనలేదు.

ఆపరేషను గది ముందు రెండు స్ట్రెచర్లని పక్కపక్కన నిలిపారు. చెల్లెలి ముఖం గుర్తుపట్టేలా లేదు. కళ్ళు మాత్రం ఆమెవే.

"అన్నయ్యా."

"ఊఁ."

"వచ్చాడా, బావిలోవాడు?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఇక్కడ పరీక్ష లేదు, పాస్ లేదు, ఫెయిల్ లేదు. వచ్చాడని చెబితే ఎవరూ పట్టుకోరు.

"పుస్తకంలో లేదే. తాడు బరువెక్కింది, లాగుతున్నారు. అక్కడే ఆపేశాడు."

"మోసం," అంది. ఊపిరి అందక ఆగింది. "నెలంతా ఎదురుచూశాను. డబ్బులు వెనక్కి ఇమ్మను వాణ్ణి."

స్ట్రెచరు తోసేవాడు ఆమెని ముందుకి కదిపాడు. అతను చెయ్యి చాచాడు, ఆమె వేళ్ళు అందాయి. చల్లగా, వాచి, బరువుగా ఉన్నాయి.

"తాడు చివర వాడేనంటావా అన్నయ్యా? లేక ఇసుకా?"

అతను ఏమీ అనలేదు. తలుపు రెక్కలు తెరుచుకుని, స్ట్రెచర్ల మధ్య దూరం పెరిగేదాకా పట్టుకునే ఉన్నాడు. తోసేవాడు, "వదలండి సార్," అని రెండోసారి చెప్పాల్సి వచ్చింది.